ఎవరు ఎవరికి అందుతారు: 12 కాంతి సంవత్సరాల ఆకాశాన్ని బల్ల మీద పరచడం

బల్ల మీద ఆడే ఒక అంతరిక్ష వ్యూహాత్మక ఆటకు పటం తయారు చేయడం ఈసారి నాకు వచ్చిన పని. ప్రచురణకర్త అడిగినవి మూడు. నక్షత్రాల పేర్లే కాదు, వాటి మధ్య దూరాలు కూడా నిజమైనవై ఉండాలి. పటం ఒకే కాగితం మీద చదునుగా అచ్చు కావాలి. ఆటగాళ్లు కాలిక్యులేటర్ ముట్టుకోకుండా ఆడగలగాలి. ఆటలో మూడు పక్షాలున్నాయి. ఒకటి సూర్యుడి దగ్గర, మిగిలిన రెండు వేరే నక్షత్రాల దగ్గర మొదలవుతాయి. ఈ చివరి విషయమే తర్వాత చాలా నిర్ణయాలను తేల్చింది.

ముందు సరిహద్దు గీశాను: సూర్యుడి నుంచి 12 కాంతి సంవత్సరాలు. ఆ గోళంలో మనకు తెలిసిన నక్షత్ర వ్యవస్థలు 22. జంట నక్షత్రాలను, ఆల్ఫా సెంటారీ వంటి మూడు నక్షత్రాల కూటమిని ఒక్కొక్క వ్యవస్థగానే లెక్కపెట్టాను. సూర్యుడితో కలిపి 23 చుక్కలు. ఒక కాగితానికి ఇవి సరిపోతాయి. వీటిలో మామూలు కంటికి కనిపించేవి ఏడే: ఆల్ఫా సెంటారీ, సిరియస్, ప్రోసియాన్, ఎప్సిలాన్ ఎరిడాని, టౌ సెటి, ఎప్సిలాన్ ఇండి, 61 సిగ్ని. మిగిలినవన్నీ ఎర్ర మరుగుజ్జులనే చిన్న మసక నక్షత్రాలు, అంతకన్నా మసక వస్తువులు. తెలుగు ఆటగాళ్లకు ఈ పటం చూపించినప్పుడల్లా రోహిణి ఎక్కడ, స్వాతి ఎక్కడ, చిత్త ఎక్కడ అని అడుగుతారు. పంచాంగంలో రోజూ కనిపించే నక్షత్రాలు మన ఇరుగుపొరుగు కావు. స్వాతి దాదాపు 37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, రోహిణి 65, చిత్త సుమారు 250. అవి కనిపించేది దగ్గరగా ఉండి కాదు, మహా ప్రకాశవంతమై ఉండి. వాటిలో కాస్త దగ్గరిదైన శ్రవణం కూడా 16.7 కాంతి సంవత్సరాలతో నా గీత బయటే ఉండిపోయింది.

సమాచారానికి కొరత లేదు. దగ్గరి నక్షత్రాల పట్టికను గ్లీజె అనే ఖగోళ శాస్త్రవేత్త 1957లోనే ప్రచురించాడు. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలు 1997లో, గైయా ఉపగ్రహం కొలతలు 2016 నుంచి విడతలుగా వెలువడ్డాయి. ప్రతి నక్షత్రానికి మూడు సంఖ్యలు చాలు: విషువాంశ, క్రాంతి, దూరం. మొదటి రెండూ రేఖాంశం, అక్షాంశం లాగా ఆకాశంలో దిక్కు చెబుతాయి, మూడోది పారలాక్స్ నుంచి, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం జరిగినట్టు కనిపించే చిన్న కోణం నుంచి వస్తుంది. వీటిని సూర్యుడు మూలబిందువుగా ఉండే మూడు అక్షాల మీదికి మార్చడం ఇంటర్మీడియట్ త్రికోణమితి. అక్కడివరకు పని గంటల్లో అయిపోతుంది.

మూడో అక్షాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

చాలామంది చేసేది దాన్ని కొట్టేయడం. భూమధ్యరేఖా తలం మీదికి అన్నిటినీ నిట్టనిలువుగా దించేస్తారు. అలా చేస్తే ఏమవుతుందో అంకెల్లోనే చూడండి. ఆల్ఫా సెంటారీ మనకు 4.37 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కానీ ఆకాశంలో బాగా దక్షిణాన, దాదాపు మైనస్ 61 డిగ్రీల క్రాంతి వద్ద. ఎత్తు తీసేస్తే పటం మీద అది 2.1 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. బర్నార్డ్ నక్షత్రం అసలు దూరం 5.96. అది భూమధ్యరేఖా తలానికి దగ్గరగా ఉంది కాబట్టి పటం మీద కూడా 5.94 దగ్గరే ఉంటుంది. అంటే దాదాపు సమానంగా ఉన్న ఇద్దరు పొరుగువారిలో ఒకరు గుమ్మంలోకి వచ్చేశారు, ఇంకొకరు కదలలేదు. వూల్ఫ్ 359, లలాండ్ 21185 మధ్య నిజంగా ఉన్నది 4.1 కాంతి సంవత్సరాలు, పటం మీద 1.1. ఇక 61 సిగ్ని, ఎప్సిలాన్ ఇండిల సంగతి చూస్తే నవ్వు వస్తుంది. ఒకటి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన. వాటి మధ్య 17.3 కాంతి సంవత్సరాలు. ఎత్తు లేని పటంలో 3. ఆ రెండింటినీ చూసిన ఆటగాడు అవి కలిసి కాపురం చేస్తున్నాయనుకుంటాడు.

ఏ తలం ఎంచుకున్నా ఈ బాధ తప్పదు. దిక్కులు సమంగా చెదిరి ఉన్నప్పుడు ఒక అక్షాన్ని తీసేస్తే దూరాలు సగటున π/4 వంతుకు, అంటే 78.5 శాతానికి కుదించుకుపోతాయి. సగటుతో చిక్కు లేదు, దాన్ని స్కేలు మార్చి సరిదిద్దుకోవచ్చు. చిక్కంతా ఒక్కో జంట ఒక్కో రకంగా కుదించుకుపోవడంతోనే. దానికి తోడు గోళాన్ని నలిపితే మధ్యభాగం కిక్కిరిసి, అంచులు ఖాళీ అవుతాయి. మధ్యలో ఒక గడిలోకి పైనుంచీ కిందనుంచీ పొడవాటి స్తంభమంతా వచ్చి పడుతుంది, అంచున ఆ స్తంభం పొట్టిది. సూర్యుడి చుట్టూ పేర్లు ఒకదాని మీద ఒకటి అచ్చవడానికి కారణం ఇదే.

పాలపుంత తలాన్నే పటం తలంగా తీసుకుంటే సహజంగా ఉంటుంది కదా అన్నారు బృందంలో ఒకరు. పటం వేల కాంతి సంవత్సరాలదైతే నేనూ ఒప్పుకునేవాడిని. పాలపుంత సుమారు లక్ష కాంతి సంవత్సరాల వ్యాసం, వెయ్యి కాంతి సంవత్సరాల మందం ఉన్న పళ్లెం. అంత పెద్ద పటంలో ఎత్తు వదిలేస్తే పోయేది తక్కువ. కానీ 12 కాంతి సంవత్సరాల గోళం ఆ పళ్లెం మందంలో ఒక మూలకు కూడా రాదు. మన చుట్టూ నక్షత్రాలు అన్ని వైపులా ఒకేలా చెదిరి ఉన్నాయి. ఇక్కడ ఏ తలానికీ ప్రత్యేక హక్కు లేదు.

ఇంకో దారి, సూర్యుడి నుంచి దూరాన్ని మాత్రం కచ్చితంగా ఉంచి, విషువాంశను కోణంగా తీసుకుని చుట్టూ వలయాల్లో పెట్టడం. చూడటానికి అందంగా ఉంటుంది. అందరూ భూమి నుంచే బయలుదేరే ఆటకు పనికొస్తుంది కూడా. మా ఆటలో రెండు పక్షాలు భూమిని పట్టించుకోవు, వాటికి కావలసింది తమ నక్షత్రం నుంచి దూరాలు. పైగా 61 సిగ్ని, ఎప్సిలాన్ ఇండిల విషువాంశల తేడా 14 డిగ్రీలే కాబట్టి ఈ పద్ధతిలో కూడా అవి మళ్లీ పక్కపక్కనే వాలిపోయాయి.

ఇది తెలివైన పద్ధతి దొరికితే తీరే సమస్య కాదని చెప్పడానికి నేను బృందానికి రెండు విషయాలు చూపించాను. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతల్లో నాలుగు బిందువులు ఒకదానికొకటి సమాన దూరంలో ఉండగలవు. చదును మీద మూడే ఉండగలవు, నాలుగోది ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి అన్యాయం. అలాగే ఒక బంతి చుట్టూ అదే పరిమాణంలో ఉన్న బంతులు 12 తాకుతూ కూర్చోగలవు, ఒక నాణెం చుట్టూ అలాంటి నాణేలు ఆరే. షట్కోణ గడులకు ఆరుగురు పొరుగువాళ్లు ఉండేదీ అందుకే. అంటే చదును పటంలో పొరుగువారికి చోటే తక్కువ. ఏది పోగొట్టుకోవాలో మనమే ఎంచుకోవాలి.

ముందు తరం ఆటలు ఎంచుకున్న దారులు చూడదగ్గవి. ఎస్.పి.ఐ. సంస్థ 1974లో తెచ్చిన స్టార్‌ఫోర్స్: ఆల్ఫా సెంటారీ ఆటలో నిజమైన నక్షత్రాలను చదును పటం మీద వేసి, పక్కనే ఎత్తును అంకెగా అచ్చు వేశారు. నిజాయితీ ఉన్న పద్ధతి. కానీ ప్రతి కదలికకూ వర్గమూలం మనసులో లెక్కేసుకోవాలి, అది మా మూడో షరతుకు విరుద్ధం. జి.డి.డబ్ల్యు. సంస్థ 1977లో తెచ్చిన ట్రావెలర్ ఎత్తు అనేదే లేని విశ్వాన్ని తీసుకుంది. ఒక షట్కోణం ఒక పార్సెక్ (3.26 కాంతి సంవత్సరాలు), అంతే. ఆడటానికి అంత హాయిగా ఉండేది ఇంకొకటి లేదు, కానీ అక్కడి దూరాలను ఆకాశంతో పోల్చకూడదు. అదే సంస్థ 1986లో మొదలుపెట్టిన 2300 ఏ.డి. ఆట నేపథ్యం మాత్రం నిజమైన మూడు కొలతల పట్టిక తీసుకుని, ఓడలు ఒక్క విడతలో 7.7 కాంతి సంవత్సరాలకు మించి వెళ్లలేవని నియమం పెట్టింది. ఆ ఒక్క అంకెతో మానవ వలసలు కొమ్మల్లా మూడు దిక్కులకు చీలాయి. ఎవరో కూర్చుని రాసిన చరిత్ర కాదది, దూరాలే రాసిన చరిత్ర. నేను ఎక్కువగా నేర్చుకున్నది దాని నుంచే. కంప్యూటర్ ఆటల వైపు చూస్తే, 2016లో వచ్చిన స్టెల్లారిస్‌లో మొదట మూడు రకాల ప్రయాణాలు ఉండేవి. 2018 నాటి 2.0 తర్వాత ఆట మొదట్లో నక్షత్రాలను కలిపే దారిగీతల వెంట ప్రయాణమే మిగిలింది. చదును పటం మీద దూరం కన్నా దారి బలంగా పనిచేస్తుందని పెద్ద సంస్థలకు కూడా అర్థమైనట్టుంది.

బహుమితీయ స్కేలింగ్ అనే గణిత పద్ధతుల కుటుంబాన్ని కూడా ప్రయత్నించాను. అన్ని జంటల దూరాలూ ఇచ్చి, వాటికి వీలైనంత దగ్గరగా ఉండే చదును అమరికను వెతకమని కంప్యూటర్‌ను అడగడం. ఇందులో అన్నిటికన్నా పాతదైన క్లాసికల్ రూపం, మన సందర్భంలో, అత్యంత అనుకూలమైన తలం ఎంచుకుని ఎత్తు కొట్టేయడంతో సమానం. అంటే తిరిగి తిరిగి మొదటి చోటికే. 1969లో సామన్ ప్రతిపాదించిన రూపం మెరుగు. అది చిన్న దూరాలకు ఎక్కువ విలువ ఇస్తుంది, పెద్ద దూరాలు పాడైతే పాడవనీ అంటుంది. ఆటకు కావలసింది కూడా సరిగ్గా అదే. దాని ఫలితాన్ని చివరికి చిత్తుప్రతిగా వాడుకున్నాను.

కానీ దూరాలను ఎంత మెరుగుపరిచినా ఆటగాడు బల్ల మీద అడిగే ప్రశ్న దూరం గురించి కాదు. "ఇక్కడి నుంచి అక్కడికి ఈ వంతులో వెళ్లగలనా?" అని అడుగుతాడు. జవాబు అవునో కాదో. కాబట్టి పటం కాపాడవలసింది దూరాన్ని కాదు, ఎవరు ఎవరికి అందుతారన్న దాన్ని. అందుకోసం పటం కన్నా ముందు ప్రయాణ నియమం ఖరారు కావాలి. అప్పటిదాకా ఓడ వేగాన్ని చివరలో చూద్దామనుకున్న ప్రచురణకర్తకు ఇది నచ్చలేదు. ఇంజను ఒక్క గంతులో ఎంత దూరం వెళుతుందో చెబితేగాని గీత గీయనని కూర్చున్నాను.

రెండు పార్సెక్‌లు, అంటే 6.52 కాంతి సంవత్సరాలు అని తేల్చుకున్నాం. మూడు కొలతల్లోనే దూరాలు లెక్కేసి, అంతకు లోపల ఉన్న జంటలన్నిటి మధ్య గీత గీశాను. 23 చుక్కల మధ్య ఉండగల జంటలు 253. గీతలు పడినవి 22. అవి పటాన్ని అయిదు ముక్కలు చేశాయి. సూర్యుడున్న ముక్కలో 12 వ్యవస్థలు. ఉత్తరాన 61 సిగ్ని, స్ట్రూవే 2398, రాస్ 248, గ్రూంబ్రిడ్జ్ 34 ఒక గుంపు. టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని, లూయిటెన్ 726-8 ఇంకో గుంపు. లకాయ్ 9352, ఈజెడ్ అక్వేరి, ఎప్సిలాన్ ఇండి మరొకటి. జీజే 1061 ఒంటరి.

ఈ గీతల్లో నన్ను ఆపేసింది సూర్యుడి ముక్కే. సూర్యుడి నుంచి గంతు దూరంలో ఉన్నవి మూడు: ఆల్ఫా సెంటారీ, బర్నార్డ్, లూమన్ 16. బర్నార్డ్ నుంచి రాస్ 154కు వెళ్లవచ్చు, అక్కడితో ఆ దారి ముగిసింది. ఆల్ఫా సెంటారీ నుంచి లూమన్ 16కు 3.6 కాంతి సంవత్సరాలు. లూమన్ 16 నుంచి వైజ్ 0855కు 6.1. ఆ వైజ్ 0855 నుంచే సిరియస్, ప్రోసియాన్, వూల్ఫ్ 359 వైపు తలుపులు తెరుచుకుంటాయి. లూమన్ 16 రెండు గోధుమ మరుగుజ్జుల, అంటే నక్షత్రంగా వెలిగేంత బరువు లేని వస్తువుల జంట, 2013లో బయటపడింది. వైజ్ 0855 కూడా నక్షత్రం కాదు. అలాంటి వస్తువుల్లో ఇప్పటికి తెలిసినంతలో అతి చల్లనిది, 2014లో దొరికింది. రెండూ నాసా వారి వైజ్ పరారుణ టెలిస్కోప్ తీసిన సమాచారంలోంచే వచ్చాయి. అంటే ఇదే పటం, ఇదే నియమంతో 2012లో గీసి ఉంటే మానవజాతి సూర్యుడు, ఆల్ఫా సెంటారీ, బర్నార్డ్, రాస్ 154 అనే నాలుగు చోట్ల బందీ అయి ఉండేది. సిరియస్ దాకా వెళ్లే ఒకే ఒక్క దారి, దుర్భిణితో వెతికినా దొరకడం కష్టమైన రెండు మసక వస్తువుల మీదుగా పోతుంది. ఇంత చక్కటి ఇరుకు దారిని ఏ రచయితా ధైర్యంగా కల్పించలేడు, కల్పిస్తే నమ్మరు.

తర్వాతి మెట్లు కూడా వాటంతట అవే పడ్డాయి. ఇంజనును రెండున్నర పార్సెక్‌లకు, అంటే 8.15 కాంతి సంవత్సరాలకు పెంచితే సిరియస్ నుంచి ఎప్సిలాన్ ఎరిడానికి దారి వస్తుంది. ఆ మధ్య దూరం సుమారు 7.8. అక్కడి నుంచి టౌ సెటి గుంపు, లకాయ్ గుంపు, ఒంటరి జీజే 1061 అన్నీ ఒకటవుతాయి. ఉత్తర గుంపు మాత్రం ఇంకా బయటే. మూడు పార్సెక్‌ల ఇంజను, అంటే 9.78, వస్తేగాని దానికి దారి లేదు. అప్పుడు కూడా ఆ దారి బర్నార్డ్ నుంచే, 61 సిగ్నికి 9.3 కాంతి సంవత్సరాలు. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ మొట్టమొదటిసారి నమ్మదగిన పారలాక్స్ కొలిచిన నక్షత్రమే ఈ 61 సిగ్ని. మనిషి అన్నిటికన్నా ముందు దూరం తెలుసుకున్న చోటికి మా ఆటలో అందరికన్నా చివర చేరతాడు. ఈ సంగతి నియమాల పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాలతో వేయించుకున్నాను, అవసరం లేకపోయినా.

సాంకేతికాభివృద్ధి మెట్ల కోసం ప్రచురణకర్త ముందుగా రాయించుకున్న కల్పిత చరిత్ర మొత్తం పక్కకు పోయింది. మూడు ఇంజన్లు, మూడు యుగాలు. అంతే.

ఇక గీయడం. మొదటి యుగం 22 గీతలు ఒకదాన్నొకటి దాటకుండా చదును మీద పడతాయి, అది అదృష్టం. సామన్ అమరికను తీసుకుని, గీతల మధ్య కోణాలు చదవగలిగేలా చుక్కలను చేత్తో జరిపాను. మన రైల్వే టైం టేబుల్ పుస్తకాల్లో ఉండే పటంలో జంక్షన్లు ముఖ్యం, వంపులు కాదు. అదే పద్ధతి ఇక్కడా. అయితే ఆ పటంలో లేని ఒక పని చేశాను. ప్రతి గీత మీద నిజమైన దూరాన్ని కాంతి సంవత్సరాల్లో అచ్చు వేయించాను. గీత పొడవు అబద్ధమాడినా అంకె ఆడదు. 61 సిగ్ని గుంపును ఒక మూలకు, ఎప్సిలాన్ ఇండి గుంపును ఎదురు మూలకు నెట్టేశాను. 17 కాంతి సంవత్సరాలు చూడగానే తెలియాలి కదా. రెండో యుగంలో ముక్కలను కలిపే కొత్త గీతలనే చుక్కల గీతలుగా వేశాను. మూడో యుగానికి వచ్చేసరికి గీతలు ఒకదాన్నొకటి దాటి పటం గజిబిజి అవుతుంది, దాన్ని పటం మీద చూపించే ప్రయత్నమే మానేశాను. 253 దూరాలనూ త్రికోణ పట్టికగా వెనక అట్ట మీద వేశాం. మూడు పార్సెక్‌ల ఇంజను వచ్చిన ఆటగాడు పట్టిక చూసుకుంటాడు. గీతలు అలవాటైన కళ్లకు ఆ సమయానికి పట్టిక భారం అనిపించదు.

ప్లేటెస్టుల్లో, అంటే ఆటను ముందుగా ఆడించి చూసిన పరీక్షల్లో, ఊహించిన ఇబ్బందే వచ్చింది. సూర్యుడి పక్షం మొదటి వంతుల్లోనే లూమన్ 16లో కోట కట్టి కూర్చుంటే ఇంకెవరూ లోపలికి రాలేరు, వాళ్లూ బయటికి పోనక్కరలేదు. ఆట చప్పగా అయింది. ఇంకో గీత కల్పించి ఆ దారి వెడల్పు చేద్దామని సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. ఒక దొంగ గీత పడితే మిగిలిన 22 గీతల మీద నమ్మకం పోతుంది. బదులుగా భౌతికశాస్త్రం వైపు చూశాం. గోధుమ మరుగుజ్జుల దగ్గర వెలుతురు లేదు, కాబట్టి సౌరశక్తితో నడిచే స్థావరాలు అక్కడ నిలవవని, అక్కడ కట్టిన కోటకు ప్రతి వంతూ బయటి నుంచి సరుకు మోయాలని నియమం పెట్టాం. కోట కట్టవచ్చు, నిలబెట్టుకోవడం ఖరీదు. ఇరుకు దారి ఇరుకుగానే ఉండి, ఆట కదిలింది.

బర్నార్డ్ గురించి ఒకరు మంచి సందేహం అడిగారు. అది ఆకాశంలో అన్నిటికన్నా వేగంగా జరిగే నక్షత్రం కదా, 300 ఏళ్ల తర్వాత జరిగే ఆటలో దాని చోటు మారదా అని. సూర్యుడితో పోలిస్తే దాని వేగం సెకనుకు దాదాపు 140 కిలోమీటర్లు. 300 ఏళ్లకు అది జరిగేది 0.14 కాంతి సంవత్సరం. పటంలో ఏ గీతా పుట్టదు, చెరగదు.

సరిహద్దు సంగతే ఇంకా పూర్తిగా తేలలేదు. 12 దగ్గర గీత గీస్తే, గీత బయట ఉన్న నక్షత్రం మీదుగా వెళ్లే అడ్డదారులు పటంలోకి రావు. ఉదాహరణకు 12.1 దగ్గర ఉన్న వైజెడ్ సెటి, టౌ సెటికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. 12.3 దగ్గరి లూయిటెన్ నక్షత్రం ప్రోసియాన్ పక్కనే, సుమారు 1.2 దూరంలో ఉంది. ఇలాంటివాటిని అంచున చిన్న బాణం గుర్తులతో, పేరు లేకుండా, "వనరుల కేంద్రం" అని మాత్రమే చూపించాం. విస్తరణ పెట్టె కోసం గీతను అయిదు పార్సెక్‌లకు జరపమని ప్రచురణకర్త ఇప్పుడు అడుగుతున్నారు. అప్పుడు చుక్కలు రెట్టింపు దాటతాయి, జంటలు నాలుగు రెట్లు మించుతాయి, మొదటి యుగం గీతలు కూడా ఒకదాన్నొకటి దాటకుండా పడతాయన్న హామీ లేదు. కొత్త పట్టిక లెక్క మొదలుపెట్టాను. కాగితం పరిమాణం గురించి ప్రింటర్‌తో ఇంకా మాట్లాడాలి.